హర్మటాన్ గాలిలో నా చర్మం

నేను నూనె మిల్లు మనిషిని. తణుకు చుట్టుపక్కల తవుడు నూనె ఫ్యాక్టరీల్లో ఎక్స్‌పెల్లర్లు, బాయిలర్లు చూసుకుంటూ పని నేర్చుకున్నాను. 2022లో ఉత్తర ఘనాలోని తమాలే ఊరి దగ్గర, షియా గింజలు ఆడే మిల్లులో మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జిగా చేరాను. ఆ డిసెంబరులో నా ఒంటి మీద చర్మం దాదాపు మొత్తం ఎర్రబడి, పొట్టు రాలి, ప్రాణం మీదకు వచ్చింది. దాన్ని ఎరిత్రోడెర్మా అంటారని తర్వాత తెలిసింది.

ఇప్పుడు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ షియా వెన్న డబ్బాలు దొరుకుతున్నాయి. నేను ఆ దేశంలో ఉండి వచ్చానని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. అది రాసుకుంటే ఎగ్జిమా పోతుందా, జుట్టు వస్తుందా అని. అవుననీ అనలేను, కాదనీ అనలేను. నాకు జరిగింది జరిగినట్టు చెబితే అడిగినవాళ్లే తేల్చుకుంటారు.

ఎగ్జిమా నాకు చిన్నప్పటిది. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ మీద వచ్చేది. చలికాలంలో దురద, ఎండాకాలంలో చెమటకి మంట. కాస్త ఉబ్బసం కూడా ఉండేది. ఈ రెండూ చాలామందిలో కలిసే వస్తాయట. అమ్మ కొబ్బరినూనె రాసేది. పెద్దయ్యాక తగ్గుముఖం పట్టింది, నేనూ మర్చిపోయాను. మా గోదావరి గాలిలో తేమ ఎక్కువ. ఆ తేమే నన్ను ఇన్నాళ్లూ కాచిందని అక్కడికి వెళ్లాక అర్థమైంది.

షియా గురించి కొంచెం చెప్పాలి. అది ఎవరూ పనిగట్టుకుని నాటే చెట్టు కాదు. సహారా ఎడారికి దక్షిణాన, సెనెగల్ నుంచి ఉగాండా, ఇథియోపియా దాకా పరుచుకున్న మెట్టభూముల్లో దానంతట అదే మొలుస్తుంది. కాపుకి రావడానికే పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. అందుకే పొలం చదును చేసుకునే రైతు కూడా ఆ చెట్టు జోలికి పోడు. వానాకాలంలో, మే నుంచి ఆగస్టు దాకా, పండ్లు రాలతాయి. ఆడవాళ్లు చీకటితోనే వెళ్లి ఏరుకొస్తారు. గడ్డిలో పాములుంటాయి, తేళ్లుంటాయి. గుజ్జు తినేసి, గింజ ఉడకబెట్టి, ఎండబెట్టి, పెంకు కొట్టి లోపలి పప్పు అమ్ముతారు. ఆ పప్పులో దాదాపు సగం కొవ్వే. మా మిల్లుకి వచ్చేది అదే. అక్కణ్నుంచి ఎక్కువ భాగం చాక్లెట్ తయారీకి వెళ్లేది. చాక్లెట్‌లో కోకో వెన్న కాకుండా అయిదు శాతం దాకా కలపడానికి యూరోపియన్ యూనియన్ ఒప్పుకున్న కొవ్వులు ఆరే ఆరు. షియా వాటిలో ఒకటి. మన సాల్ గింజ, మామిడి టెంక కూడా ఆ జాబితాలో ఉన్నాయి. షియా అంటే నాకు టన్నులు, టెంపరేచర్లు, చెక్కలో మిగిలిపోయిన నూనె శాతం. ఒంటికి రాసుకునే వస్తువుగా దాన్ని చూసింది లేదు.

నవంబరు నెలాఖరులో హర్మటాన్ మొదలైంది. సహారా మీదుగా వచ్చే ఈశాన్యపు గాలి అది. మార్చి దాకా ఉంటుంది. దుమ్ము మోసుకొస్తుంది. పొద్దున సూర్యుడు తెల్లటి బిళ్లలా కనిపిస్తాడు, కళ్లు చికిలించకుండానే చూడొచ్చు. పగలు ఎండ మండుతుంది, తెల్లవారుజామున దుప్పటి కావాలి. తేమ ఇరవై శాతం లోపుకి పడిపోతుంది. ఉతికిన లుంగీ తీగ మీద వేసి టీ తాగి వచ్చేసరికి ఆరిపోయేది. తలుపు చెక్కలు పగిలేవి. మా స్టోర్‌లో రబ్బరు గాస్కెట్లు పెళుసెక్కిపోయేవి. అవన్నీ గమనించాను, రిజిస్టర్‌లో రాశాను.

డిసెంబరు మొదటి వారంలో పెదాలు చిట్లాయి. మడమలు రక్తం వచ్చేలా పగిలాయి. గెస్ట్‌హౌస్‌లో మాకు వంట చేసే ఆవిడ దగోంబా తెగ ఆవిడ, యాభై పైబడ్డ మనిషి. అందరం ఆంటీ అనేవాళ్లం. నేను గడప దగ్గర కుంటడం చూసింది. మర్నాడు పొద్దున చిన్న సొరబుర్ర గిన్నెలో షియా వెన్న ముద్ద తెచ్చింది. అది మా మిల్లు సరుకులా తెల్లగా, వాసన లేకుండా లేదు. లేత పసుపు మీద బూడిద ఛాయ, పొగ వాసన. ముట్టుకుంటే గట్టిగా ఉంది. ఆవిడ గోరుతో శనగగింజంత గీకి అరచేతిలో పెట్టుకుంది. రుద్దలేదు. రెండో అరచేయి దాని మీద మూసి అలాగే పట్టుకుంది. కాసేపటికి విప్పితే నూనె. మన ఒంటి వేడికే కరిగిపోతుంది అది. నా పాదాలు గోరువెచ్చని నీళ్లతో తడిపించి, తుడవకముందే, ఆ తడి మీదే అద్దింది.

పరాయి ఆడమనిషి నా కాళ్లు పట్టుకోవడం నాకు కష్టంగా అనిపించింది. వద్దన్నాను. ఆవిడ వినలేదు. అక్కడ పుట్టిన బిడ్డకి స్నానం పోసి ఒళ్లంతా ఆ వెన్నతోనే మర్దన చేస్తారు. ముసలివాళ్ల కీళ్లకీ అదే. ఆవిడకి అది పెద్ద విషయం కాదు.

వారంలో పెదాలు కుదుటపడ్డాయి. మడమల పగుళ్లు మూసుకున్నాయి. దీని వెనక ఉన్నది మహిమ కాదు. షియాలో ఎనభై అయిదు, తొంభై శాతం స్టియరిక్, ఓలియిక్ ఆమ్లాలే. స్టియరిక్ వల్ల గట్టిదనం, ఓలియిక్ వల్ల జారుడు. రెండూ కలిసి చర్మం మీద పల్చటి పొరగా కూర్చుంటాయి. లోపలి తడిని ఆవిరి కానివ్వవు. సబ్బుగా మారని పదార్థం మామూలు వంటనూనెల్లో ఒక శాతం అటూఇటూ ఉంటే షియాలో అంతకు చాలా రెట్లు ఉంటుంది. మంటను కొంత తగ్గించే గుణం అందులో ఉందంటారు. రిఫైనరీలో తెల్లబరిచి, రెండు వందల డిగ్రీలు దాటించి వాసన తీసేటప్పుడు దానిలో కొంత పోతుంది. ఆ వాసన తీసే యంత్రాన్ని నడిపించేది నేనే. ఆ వాసన తీయని వెన్నే నా మడమలకి పనిచేస్తుంటే కాస్త నవ్వు వచ్చింది కూడా.

డిసెంబరు రెండో వారంలో పాత ఎగ్జిమా లేచింది. మోచేతి మడతల్లో మొదలై ముంజేతుల మీదకి, మెడ మీద నుంచి వీపు మీదకి పాకింది. రాత్రులు నిద్రలేదు. నిద్రలో గోకేవాణ్ని. పొద్దున గోళ్లలో రక్తం. మూడు నాలుగు రోజుల్లో మడతల్లోంచి రసి కారడం మొదలైంది. ఎండితే తేనె రంగు పక్కులు కట్టేది.

ఆంటీకి చేయి చాపి చూపించాను. ఆ వెన్న ఇంకా రాయమంటుందనుకున్నాను. ఆవిడ ముట్టుకోలేదు. పక్కుల్ని చూసి తల అడ్డంగా ఊపింది. వచ్చీరాని ఇంగ్లీషులో, ఇది వెన్న పని కాదు, ఆసుపత్రికి వెళ్లు అంది. ఆ వెన్న చేసే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి అన్న మాట అది. ఇక్కడ షియా డబ్బా మీద నానా జబ్బుల పేర్లూ చదివినప్పుడల్లా నాకు ఆవిడ తల ఊపడం గుర్తొస్తుంది.

కంపెనీ పంపే క్లినిక్‌కి వెళ్లాను. యాంటీబయాటిక్ ఇచ్చారు, పూత మందు ఇచ్చారు. కొంచెం తగ్గినట్టే అనిపించి మళ్లీ తిరగబెట్టింది. క్రిస్మస్ వారానికి ముఖం, ఛాతీ, తొడలు అన్నీ ఎర్రగా అయిపోయాయి. ఎర్రగా అంటే దద్దుర్లు కాదు. మధ్యలో మామూలు చర్మం కనిపించడం మానేసింది. వేడిగా ఉండేది. ముట్టుకుంటే పొట్టు రాలేది.

ఆ పొట్టు గురించి చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. పొద్దున లేచేసరికి పక్క మీద గుప్పెళ్ల కొద్దీ ఉండేది. అందరికంటే ముందు లేచి, పక్క దులిపి, నేల ఊడ్చి, ఆ చెత్త కాగితంలో కట్టి బయట పడేసేవాణ్ని. ఒంటి నుంచి ఒక వాసన వచ్చేది. నాకే తెలిసేది. ఘనాలో చేతులు కలపడం చాలా ముఖ్యం. కలిపి, విడిపోయేటప్పుడు వేళ్లతో చిటిక వేస్తారు. నేను చేతులు జేబులో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాను. ఇది అంటువ్యాధేమోనని ఆఫీసులో అడిగారు. కాదని కాగితం తెమ్మన్నారు. వర్క్‌షాప్‌లో ఫిట్టర్ ఒకతను మాత్రం రోజూ నా దగ్గరికి వచ్చి, చేతికి బదులు నా మణికట్టు మీద షర్టు పట్టుకుని ఊపి వెళ్లేవాడు. ఏమీ అనేవాడు కాదు.

ఇంటికి వీడియో కాల్ చేయడం మానేశాను. కెమెరా పాడైందని మా ఆవిడతో చెప్పాను.

నా గదిలో ఉండే కుర్రాడు నరసరావుపేట వాడు, ఎలక్ట్రికల్ చూసేవాడు. నాకంటే బాగా చిన్న. క్రిస్మస్ తర్వాతి రాత్రి నాకు వణుకు పుట్టింది. బయట మరీ అంత చలి లేదు. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడాయి. పాదాలు వాచి చెప్పుల్లో పట్టలేదు. మంచం దిగబోతే కళ్లు తిరిగాయి. వాడు లైటు వేసి చూసి, "అన్నయ్యా, ఇంక ఆగకూడదు" అన్నాడు. పొద్దున దాకా చూద్దామన్నాను. "మీరు చూస్తారు, నేను చూడలేను" అని డ్రైవరుకి ఫోన్ చేశాడు.

తమాలేలోని పెద్దాసుపత్రిలో సెలైన్ పెట్టి, చర్మ వైద్యులున్న చోటికి తీసుకెళ్లమన్నారు. అంటే కుమాసీ నగరం. దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు. కారు వెనక సీటులో పడుకున్నాను. సీటుకి వీపు అంటుకుపోతుంటే ఆ కుర్రాడు తడి తువ్వాలు వేస్తూ వచ్చాడు. డ్రైవరు దారి పొడుగునా పొట్లం నీళ్లు కొని ఇచ్చి తాగించాడు. టెచిమాన్ ఊరు దాటాక చెట్లు దట్టమయ్యాయి, గాలి మారింది. ముక్కులో ఎండిన రక్తం మెత్తబడింది. అది బాగా గుర్తుంది.

ఒంట్లో తొంభై శాతానికి మించి చర్మం ఇలా అయితే ఎరిత్రోడెర్మా అంటారని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. చర్మం పాడైతే ఒంట్లో వేడి నిలవదు, నీళ్లు నిలవవు, ప్రొటీన్ కారిపోతుంది, గుండె మీద భారం పడుతుంది, సూక్ష్మక్రిములకి తలుపు తీసినట్టవుతుంది. ఎండ దేశంలో నేను చలికి వణికింది అందుకే. ఇది ముదిరితే మనుషులు చనిపోతారా అని అడిగాను. చనిపోతారు, మీరు సమయానికి వచ్చారు అంది. అబద్ధం చెప్పనందుకు ఆవిడకి రుణపడి ఉన్నాను. ఆ క్షణంలో మాత్రం కాళ్లు చేతులు చల్లబడ్డాయి.

ఆ రాత్రి ఆ కుర్రాడిని పిలిచి కాగితం అడిగాను. వేళ్ల చర్మం పగిలి పెన్ను పట్టలేకపోయాను. నేను చెబుతుంటే వాడు రాశాడు. ఫోన్ తాళం నంబరు, ఇన్సూరెన్స్ కాగితాలు ఇంట్లో ఏ బీరువాలో ఉన్నాయో, ఎవరికి ఎంత ఇవ్వాలో. రాస్తూ వాడు ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. కన్నీళ్లు తగిలితే ముఖం మండుతుందన్న భయం ఒకటే ఉంది.

తెల్లవారాక వాడే మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పాడు. నన్ను అడగలేదు. ఆమె కెమెరా పెట్టమంది. పెట్టాడు. ఆమె చూసింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నం తింటున్నారా?" అని అడిగింది.

మొదటి వారం సెలైన్, నరం ద్వారా యాంటీబయాటిక్, గోరువెచ్చని నీళ్ల స్నానం. స్నానమయ్యాక ఒళ్లంతా వైట్ పెట్రోలియం జెల్లీ, కొన్నిచోట్ల స్టెరాయిడ్ పూత, దాని మీద తడి గుడ్డ, దాని మీద పొడి గుడ్డ. రాత్రి డ్యూటీ నర్సు ఒకామె ఈ గుడ్డలన్నీ చుట్టేది. చుట్టేటప్పుడు ఏ చేయి ముందు, ఏ కాలు తర్వాత అని నన్నే అడిగేది. నా ఒళ్లు నా ఆధీనంలో లేని రోజుల్లో ఆ ఒక్క ప్రశ్న నాకు ఎంత మేలు చేసిందో ఆమెకి తెలియదు. మూత్రానికి కూడా ఆ కుర్రాడే పట్టుకుని తీసుకెళ్లేవాడు. లుంగీ వాడే కట్టేవాడు. మొదట్లో కళ్లు మూసుకునేవాణ్ని. తర్వాత అలవాటైంది. అలవాటు కావడం కూడా భయంగానే అనిపించింది.

రెండో వారంలో సైక్లోస్పోరిన్ మాత్రలు మొదలుపెట్టారు. అది ఒంటి రోగనిరోధక శక్తి దూకుడు తగ్గించే మందు. బీపీ, కిడ్నీ పరీక్షలు చేస్తూ ఇవ్వాలి. నన్ను నిలబెట్టింది ముఖ్యంగా యాంటీబయాటిక్, ఆ మాత్రలు. ఇది స్పష్టంగా చెప్పాలి. ఎరుపు ముందు పొట్ట మీద తగ్గింది. ఒక పొద్దున బొడ్డు పక్కన అరచేయంత మేర నా అసలు రంగు కనిపించింది. నర్సుని పిలిచి చూపించాను.

జనవరి మూడో వారంలో ఆసుపత్రి నుంచి పంపారు. కానీ హర్మటాన్ తగ్గేదాకా తమాలే వెళ్లొద్దన్నారు. కుమాసీలో బట్టల వ్యాపారం చేసే గుజరాతీ కుటుంబం ఒకటి, మాకు ఏ బంధుత్వమూ లేనివాళ్లు, కింద గది ఇచ్చారు. ఆ ఇంటి పెద్దావిడ నా మంచం మీద దుప్పటి రోజూ మార్పించేది. నా పొట్టు రాలిన దుప్పట్లు ఆవిడ చేతులతో ఎత్తడం చూసి సిగ్గుపడితే, గుజరాతీలో ఏదో కసిరేది. అర్థం కాకపోయినా కసురుతోందని తెలిసేది.

షియా వెన్న మళ్లీ వచ్చింది అప్పుడే. ఆ నరసరావుపేట కుర్రాడు డ్యూటీకి తమాలే వెళ్లి, వారాంతంలో వస్తూ ఆంటీ ఇచ్చిందని పెద్ద ముద్ద తెచ్చాడు. పగుళ్లు ఉన్నంతకాలం డాక్టరమ్మ దాన్ని ఒప్పుకోలేదు. ఇళ్లలో చేసిన వెన్నలో ఏ నీళ్లు కలిశాయో తెలియదు, తెరిచి ఉన్న చర్మానికి శుభ్రమైన జెల్లీయే మేలు అంది. రసి పూర్తిగా ఆరాక, ముందు మోచేతి లోపల చిన్న చోట నాలుగు రోజులు రాసి చూడమంది. ఎరుపు, దురద లేకపోతే మిగతా చోట్ల మొదలుపెట్టమంది. కాస్త వేడి చేసి, వడగట్టి, మూత ఉన్న సీసాలో పోసి, చేత్తో కాకుండా చెంచాతో తీసుకోమంది. నిప్పు సంగతి కూడా గట్టిగా చెప్పింది. కొవ్వు పూతలు పట్టిన దుప్పట్లు, బట్టలు అంటుకుంటే చాలా వేగంగా మండుతాయట. మంచం పక్కన దోమల చుట్ట వెలిగించే అలవాటు ఆ రోజుతో మానేశాను.

అలా రోజుకి రెండుసార్లు. గోరువెచ్చని నీళ్లు, తక్కువ సేపు, సబ్బు లేదు. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవడం. ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, రెండు మూడు నిమిషాల్లో, వెన్న. ఆలస్యమైతే ఎండిన చర్మం మీద నూనె తేలుతుంది, లోపల మాత్రం బిగుసుకుంటుంది. ఆ తేడా నాకు ఒంటి మీద తెలిసేది. పెట్రోలియం జెల్లీ జిగటగా బట్టకి అంటుకుపోయేది. షియా కాసేపటికి ఇంకినట్టయ్యేది, రాత్రంతా చర్మం లాగకుండా ఉండేది. వీపుకి నా చేయి అందదు. ఆ ఇంటి మనవడు, పదో తరగతి పిల్లాడు, రోజూ స్కూలుకి వెళ్లేముందు రాసి వెళ్లేవాడు. మొదటి రోజు వాడి ముఖం చూడటానికి ధైర్యం చాల్లేదు. వాడు క్రికెట్ స్కోరు చెబుతూ రాశాడు.

ఫిబ్రవరి నెలాఖరులో సామాను సర్దుకోవడానికి తమాలే వెళ్లాను. ఆంటీ తన అక్కగారి ఇంటికి తీసుకెళ్లింది. ఆరేడుగురు ఆడవాళ్లు పెద్ద పెద్ద బేసిన్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. వేయించి మరపట్టిన షియా పప్పు ముద్ద ముదురు గోధుమ రంగులో ఉంది. మోచేతుల దాకా చేతులు ముంచి గుండ్రంగా బాదుతున్నారు. మధ్యలో కొంచెం కొంచెం నీళ్లు. చాలాసేపటి దాకా ఏమీ మారదు. తర్వాత రంగు తేలుతుంది. గోధుమ రంగు బూడిద అవుతుంది, బూడిద తెలుపవుతుంది, బరువైన నురగ పైకి వస్తుంది. దాన్ని తోడి, కడిగి, కట్టెల పొయ్యి మీద కాచి, మడ్డి కిందికి దిగాక పైనూనె వంచి, చల్లారేదాకా కలుపుతారు. మా ఎక్స్‌పెల్లర్ పిండే దానికంటే తక్కువే వస్తుంది. కానీ పని అంతా ఆ చేతులదే. ఆ చేతులు చూశాను. హర్మటాన్ మధ్యలో, నీళ్లలో, నిప్పు దగ్గర రోజంతా పనిచేసే చేతులు. మోచేతుల దాకా ఒక్క పగులు లేదు. నేను చేయి చాపి ఆంటీ అక్కగారి చేతిలో పెట్టాను. అప్పటికి నా చేయి చాపడానికి బాగానే ఉంది.

మార్చిలో ఇంటికి వచ్చాను. ఇంట్లో అందరూ నేను బాగయ్యాననుకునే సమయానికి జుట్టు రాలడం మొదలైంది. దువ్వితే దువ్వెన నిండా, తలస్నానం చేస్తే జాలీ నిండా. కనుబొమ్మలు పల్చబడ్డాయి. చర్మం అయిపోయింది, ఇక ఇది అనుకున్నాను. మళ్లీ అదే భయం. మా ఆవిడ దిండు గలీబు మీద వెంట్రుకలు నాకు కనబడకుండా ఏరేది. హైదరాబాద్‌లో చర్మ వైద్యుడు చూసి, పెద్ద జబ్బు తర్వాత రెండు మూడు నెలలకి ఇలా రాలడం మామూలే, కుదుళ్లు చావలేదు, వస్తుంది అన్నారు. షియా రాయనా అని అడిగాను. అది జుట్టు మొలిపించదు, ఉన్న వెంట్రుక పొడిబారి తుంపులు కాకుండా చూస్తుంది, అంతే అన్నారు.

రాసి చూశాను. మన జుట్టుకి అది బరువు. ఆఫ్రికా వాళ్ల బిగుతైన ఉంగరాల జుట్టులో తల మీది సహజమైన నూనె చివర్ల దాకా దిగదు, అందుకే వాళ్లకి అంత పనికొస్తుంది. నాకు కుదుళ్లకి రాస్తే అతుక్కుపోయి చుండ్రులా పేరుకుంది. తడిగా ఉన్నప్పుడు చివర్లకి మాత్రం, రెండు వేళ్లకి అంటేంత చాలు. మా అమ్మాయి జుట్టు పొడుగు, చివర్లు చీలతాయి. దానికే నాకంటే ఎక్కువ పనికొచ్చింది. నా జుట్టు దసరా నాటికి దానంతట అదే వచ్చింది. ఆ గొప్ప ఏ వెన్నకీ ఇవ్వను.

మా మేనత్తగారిది రంపచోడవరం వైపు. నా సీసా మూత తీసి వాసన చూసి, ఇది మన ఇప్ప నూనె లాంటిదే కదరా అంది. నిజమే. షియా, ఇప్ప, మనం తినే సపోటా అన్నీ ఒకే కుటుంబం చెట్లు. ఇప్పపప్పు నూనె కూడా చలికి గడ్డకడుతుంది. ఏజెన్సీలో వంటకీ, దీపానికీ, ఒంటికీ వాడతారు. ఇప్ప నూనె నా చర్మానికి ఎలా ఉంటుందో చూడాలని ఉంది, ఇంకా ధైర్యం చేయలేదు. కుదురుగా ఉన్న ఒంటిని కదిలించబుద్ధి కాదు.

కొనేవాళ్లకి ఒకటి రెండు మాటలు. ఎండాకాలంలో డబ్బాలో కరిగిపోయి, మళ్లీ గడ్డకడితే ఇసుకలా పలుకులొస్తాయి. అది పాడైనట్టు కాదు, నెమ్మదిగా చల్లారడం వల్ల స్టియరిన్ పలుకు కడుతుంది. కరిగించి ఫ్రిజ్‌లో త్వరగా చల్లారిస్తే నున్నగా అవుతుంది. పొగ వాసన మంచిదే. ముక్కిన వాసన వస్తే మాత్రం పారేయండి. రసి కారుతున్నా, తేనె రంగు పక్కులున్నా, జ్వరం, వణుకు, పాదాల వాపు ఉన్నా, ఎరుపు ఒంట్లో సగం దాటినా డబ్బా పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. రాత్రయినా సరే. తెల్లారేదాకా చూద్దామని నేను అన్నాను, నా మాట వినని మనిషి పక్కన ఉన్నాడు.

వాడు ఇంకా తమాలేలోనే ఉన్నాడు. సెలవులకి వచ్చినప్పుడల్లా ఆంటీ ఇచ్చిన ముద్ద తెచ్చి ఇస్తాడు. నేను ఆవిడకి ఇక్కణ్నుంచి కాటన్ చీరలు పంపుతాను, తలకి చుట్టుకోవడానికి బాగున్నాయని కబురు చేసింది. నవంబరు రాగానే నేను రోజుకి రెండుసార్లు మొదలుపెడతాను, దురద ఉన్నా లేకపోయినా. అప్పుడప్పుడు ముంజేతి మీద చిన్న మచ్చ లేస్తుంది. లేచిన ప్రతిసారీ లైటు కిందకి వెళ్లి, పక్కన మామూలు చర్మం ఎంత ఉందో చూసుకుంటాను.

కిందటేడు ఆ కంపెనీ మళ్లీ పిలిచింది. జీతం పెంచారు. రానని చెప్పాను. ఇంట్లో కారణం అడిగితే పిల్లల చదువు అన్నాను. మా ఆవిడ ఇంకేమీ అడగలేదు.